కొత్వాలి పొయ్యి

నమోదు 1
వండినవి: మక్క గటక, ఉల్లిగడ్డ కారం. తిన్నవాళ్లు: బందీలు ఇద్దరు, కొత్వాల్, నేను.

పొయ్యి ముట్టించినవాడు ఏం వండాడో, ఎవరు తిన్నారో రాసిపెట్టాలని చట్టం. అంతవరకు రాస్తే చాలట. కానీ ఈ రోజు అంతవరకే రాసి ఊరుకుంటే నా గుండె పగిలిపోతుంది. నా బిడ్డ కొత్వాల్ అయింది!

గుర్రాల భూలక్ష్మి, ఏడు గుమ్మటాల సీమకు కొత్వాల్. నడిమి గుమ్మటంలో అందరి ముందు ఎర్రమట్టి పిడికిట పట్టుకొని ప్రమాణం చేసింది. సభ పెద్ద వజ్రమ్మ ఇత్తడి బిళ్ళ తెచ్చి దాని భుజానికి గుచ్చింది. చప్పట్లు మోగుతుంటే నేను కొట్టడం మరిచిపోయి ఏడుస్తూ కూర్చున్నాను. పక్కనున్నాయన నా చేతులు పట్టుకొని తనే చప్పట్లు కొట్టించాడు.

కొత్వాలి అంటే చిన్న పని కాదు. నా బిడ్డ కింద ముగ్గురు నాయబులు. మొగిలి జైలు చూస్తాడు. సరూప న్యాయసభ పంపిన సమన్లు పట్టుకుపోయి ఎవరివి వాళ్ల చేతికే ఇస్తుంది, విచారణ రోజున గుమ్మంలో నిలబడి గొడవ కాకుండా చూస్తుంది. మూడో నాయబు ఇసుక గాలి లేచినప్పుడు గుమ్మటం నుంచి గుమ్మటానికి గస్తీ తిరుగుతాడు, దారి తప్పినవాళ్లను వెతికి తెస్తాడు. ఎవరైనా పోతే ఎట్లా పోయారో చూసి పంచనామా రాసేది కొత్వాలే. ఇల్లు ఖాళీ చేయించాల్సి వస్తే వెళ్లి తలుపు తట్టేదీ కొత్వాలే. ఎవరూ ఇష్టపడని పనులన్నీ ఏరి ఒకచోట పెట్టి, వాటి మీద ఒక ఇత్తడి బిళ్ళ పెడితే అది కొత్వాలి.

మరి నేను? నేను వంటవాణ్ణి!

సీమలో ప్రతి ఇంటికీ గొట్టంలో ముద్ద వస్తుంది. బలం ఉంటుంది, రుచి ఉండదు. నిప్పు గాలిని తింటుంది కాబట్టి ఏ ఇంట్లోనూ పొయ్యి లేదు. జైల్లో మాత్రం ఉంది. మొదట ఇక్కడికి వచ్చినవాళ్ల కాలంలో జైలు గొట్టం పూడుకుపోయిందట. లోపల ఒకడున్నాడన్న సంగతే అందరూ మరిచారు. వాడు ఆకలితో పోయాడు. ఆ సిగ్గుతో పెద్దలు జైలుకు గొట్టం పీకేసి పొయ్యి పెట్టారు. బందీకి కొత్వాల్ ఇంటివాళ్లే వండిపెట్టాలి, కొత్వాల్ కూడా అదే తినాలి. తన కడుపు కాలితే బందీ గుర్తొస్తాడని వాళ్ల ఆలోచన.

పాత కొత్వాల్ ఇంటివాళ్లు అన్నేళ్లూ ఉప్పు లేని జావ తప్ప ఏమీ కాయలేదు. నేను అట్లా కాదు. భూమి మీద జమ్మికుంట మార్కెట్ దగ్గర మా అమ్మకు చిన్న హోటల్ ఉండేది. మీసాలు రాకముందే పొయ్యి ముందు కూర్చున్నవాణ్ణి. ఇక్కడికొచ్చి జీవితమంతా ముద్ద గొట్టాలు బాగుచేసుకుంటూ గడిపాను. ముసలితనంలో మళ్లీ మంట ముందు కూర్చోబెట్టింది నా బిడ్డ.

దానికి ఒక నెల పరీక్ష. నెల నిండిన రోజు వజ్రమ్మ వచ్చి జైలు చూస్తుంది. పాత కొత్వాల్ నాటికంటే జైల్లో జనం ఎక్కువుంటే, నేరాలు అదుపు తప్పాయని బిళ్ళ వెనక్కి తీసుకుంటుంది. తీసుకోనీ చూద్దాం! నా బిడ్డను చూసి దొంగలే దారి మార్చుకుంటారు.

నమోదు 2
వండినవి: సర్వపిండి, పుంటికూర పప్పు. తిన్నవాళ్లు: బందీలు నలుగురు, కొత్వాల్, నాయబులు, నేను.

సర్వపిండి చేశాను. పల్లీలు మన తోట గుమ్మటంలో పండినవే, పచ్చిమిర్చీ అక్కడిదే. గంజు అడుగున పిండి ఒత్తి, వేళ్లతో బొక్కలు పెట్టి, నూనె చుక్కలు వేసి మూత పెడితే, ఆ వాసనకు నాకే నడుం నిటారుగా అయింది. ఊపిరికి గాలి పంపే గాలిమర ఆ వాసనను గుమ్మటాలన్నీ తిప్పింది. జైలు గోడ అవతల నడుస్తున్నవాళ్లు నడక ఆపి నిలబడ్డారు.

ఇద్దరు కొత్త బందీలు వచ్చారు. ఒకడు పోచాలు, పక్కింటి గాలిమర ఆపినవాడు. ఇంకొకామె కుళాయి దగ్గర వరస తప్పి, తప్పావంటే బిందె విసిరిందట. ఇద్దరినీ నా బిడ్డే పట్టుకొచ్చింది. కొత్వాల్ అయి వారం కాలేదు, అప్పుడే చూడండి దాని కన్ను!

పోచాలు సర్వపిండి విరిచి నోట్లో పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు.

"ఓదెలు కాకా, నాకెన్ని దినాలు ఏసిండ్రు?"

"మూడు" అన్నాను.

"గంతేనా!" అన్నాడు, పాపం.

నమోదు 3
వండినవి: జొన్న రొట్టె, వంకాయ కూర, పల్లీల తొక్కు. తిన్నవాళ్లు: బందీలు తొమ్మిది మంది, కొత్వాల్, నాయబులు, నేను.

తొమ్మిది మంది! పాత కొత్వాల్ ఏడాదంతా తిరిగినా ఇంతమందిని పట్టలేదు. నా బిడ్డ నడిచే దారిలో నేరం దాక్కోలేదు. ఎక్కడున్నా లేచి వచ్చి చేతులు చాపుతోంది. నేను ఈ మాట కుళాయి దగ్గరా చెప్పాను, తోట గుమ్మటంలోనూ చెప్పాను, గడ్డం గీయించుకుంటూ మంగలికీ చెప్పాను.

అందరూ "మీ బిడ్డ బంగారం కాకా" అన్నారు. అని, "ఇయ్యాల జైల్ల ఏం కూర?" అని కూడా అడిగారు. నా మీద ఎంత ప్రేమో!

పోచాలు విడుదలైన పూటే మళ్లీ వచ్చాడు. ఈసారీ అదే గాలిమర.

భూలక్ష్మి మాత్రం సరిగ్గా తినలేదు. రొట్టె తుంచి కూరలో ముంచి అలాగే పట్టుకుంది.

"ఏమైంది బిడ్డా? కారం ఎక్కువైందా?"

"ఏం లేదు బాపూ. మంచిగున్నది" అంది. రొట్టె మాత్రం కింద పెట్టింది.

గుమ్మటాలన్నీ తిరిగి అలసిపోయిందేమో.

నమోదు 4
వండినవి: కోడిగుడ్ల పులుసు, జొన్నన్నం. తిన్నవాళ్లు: బందీలు పదిహేను మంది, మిగిలినవాళ్లం.

ఈ రోజు ఒక మొగుడూ పెళ్లాం కలిసి వచ్చారు. నడిబజారులో కొట్టుకున్నారట. జైలు గుమ్మం దాకా ఒకరి జుట్టు ఒకరు పట్టుకొనే నడిచారు. గుమ్మం దాటగానే జుట్టు వదిలి, ఆమె ఆయన చొక్కా సర్దింది.

"పక్క పక్క గదులిస్తరా అన్నా?" అని మొగిలిని అడిగింది.

"గదులు లేవమ్మా. నడవల కూసోండ్రి" అన్నాడు మొగిలి.

నిజంగానే లేవు. గదులు ఆరు. జైలు గాలిమర ఇంతమందికి సరిపడదు. సాయంత్రానికి అందరికీ తలనొప్పులు. నా పొయ్యి వేరే గాలి తింటోంది. భూలక్ష్మి తన గది బందీలకు ఇచ్చి, బయట గస్తీ బండిలో పడుకుంటోంది.

నేను గిన్నెలు కడుగుతూ మొగిలితో అన్నాను, "చూసినవా మొగిలి, మా బిడ్డ పట్టుడు అంటే గట్లుంటది."

మొగిలి నా వైపు అదోలా చూశాడు. చేతిలోని గిన్నె కింద పెట్టేశాడు.

"కాకా, నువ్వు మంచోనివి. కోపానికి రావు గదా?"

"చెప్పు రా."

"మీ బిడ్డ ఎవ్వర్నీ పడ్తలేదు. వాళ్లే వస్తున్నరు. పోచాలు గాలిమర ఆపి, ఆడనే అరుగు మీద కూసోని మా కోసం ఎదురుచూస్తడు. లేటయితే కోపం జేస్తడు."

"ఎందుకు?"

"ఎందుకంటవేంది కాకా! నీ పులుసు కోసం. సీమంతట్ల పొయ్యి ఉన్నది ఈడొక్కటే. జైల్ల పడితే తప్ప దొరకదు."

నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాను. నెల నిండవస్తోంది. వజ్రమ్మ వస్తుంది. లోపల పదిహేను మంది. నా బిడ్డ బిళ్ళను నేనే గరిటెతో పీకేస్తున్నాను.

"భూలక్ష్మికి ఎరుకేనా?"

"మొదట్నుంచే ఎరుక. నువ్వు సంబురంల ఉన్నవని నీకు చెప్పొద్దన్నది."

నమోదు 5
వండినవి: మాడిన అన్నం, ఉప్పుకషాయం లాంటి పప్పు, ఉడకని వంకాయలు. తిన్నవాళ్లు: బందీలు పద్దెనిమిది మంది, కొత్వాల్.

అన్నం కావాలనే మాడ్చాను. పప్పులో ఉప్పు రెండు పిడికిళ్లు వేశాను. వంకాయలు ఉడకకముందే దించాను. వంట తెలిసినవాడికి వంట చెడగొట్టడం ఎంత కష్టమో ఈ రోజు తెలిసింది. చెయ్యి వెనక్కి పోతుంది. కళ్లు మూసుకొని ఉప్పు వేశాను.

ఇక వీళ్లు పరిగెత్తి ఇళ్లకు పోతారని గుమ్మం పక్కన నిలబడి చూశాను.

పోచాలు మాడిన అన్నం గోకి గోకి తిన్నాడు. "కాకా, అడుగంటిన అన్నం! ఎన్నేండ్లాయె!" అన్నాడు. ఆ జుట్టు పట్టుకున్నామె పప్పు నోట్లో పెట్టుకొని మొగుడి భుజం మీద వాలి ఏడ్చింది. "మా అత్త గిట్లనే ఉప్పేస్తుండె. రోజూ తిట్టుకుంటుంటి" అంది.

అందరూ తమ తమ ఇళ్లల్లో ఎవరు ఏది చెడగొట్టేవారో చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఒకరి తల్లి రొట్టె మాడ్చేదట, ఒకరి తాత టీలో మిరియాలు దంచేసేవాడట. ఇంకా కావాలన్నారు. ఇంకా పెట్టాను. ఏం చెయ్యను? ఆకలని చెయ్యి చాపితే పెట్టకుండా ఎట్లా?

భూలక్ష్మి కూడా తన వాటా తిన్నది. చట్టం కదా. నీళ్లు చాలా తాగింది.

నమోదు 6
వండినవి: పెద్ద గంజు నిండా సర్వపిండి, తొక్కు, పప్పు. తిన్నవాళ్లు: బందీలు ఆరుగురు, నేను, ఏడో గుమ్మటానికి వాటా పంపగా కొత్వాల్. కాబోయే బందీలు లెక్కపెట్టలేదు.

నాకు ఉపాయం తట్టింది! ఇంత తేలిక ఉపాయం పెద్ద చదువులు చదివినవాళ్లకు కూడా తట్టి ఉండదు.

జనం జైలుకు వస్తున్నది కూర కోసం. కూరే జనం దగ్గరికి పోతే జైలుకు రావడమెందుకు?

రోజూ మధ్యాహ్నం గంజు బండి మీద పెట్టుకొని నాలుగో గుమ్మటం కుళాయి దగ్గరికి తీసుకుపోతున్నాను. అందరికీ తలా ముక్క. శిక్షలు ముగిసినవాళ్లు బయటికొస్తున్నారు, తిరిగి రావడం లేదు. పోచాలు పక్కింటాయనకు క్షమాపణ చెప్పి గాలిమర కూడా తుడిచిపెట్టాడట. జైలు ఖాళీ అవుతోంది. సీమంతా మంచితనం పొంగుతోంది!

చట్టం నాకూ తెలుసు. పొయ్యి మీద వండింది బందీలకూ కొత్వాలికీ తప్ప ఇంకెవరికీ పోకూడదు. పొయ్యి తినే గాలి అందరిదీ కాబట్టి. కానీ నేను పెడుతున్నది ఎవరికి? అందరూ పట్టుబడబోయేవాళ్లే. రేపు జైల్లో పెట్టాల్సిన అన్నం ఈ రోజే కుళాయి దగ్గర పెడుతున్నాను, అంతే. కాబోయే బందీలకు కాస్త ముందుగా పెడితే తప్పేముంది?

భూలక్ష్మి ఈ రోజుల్లో ఏడో గుమ్మటంలో ఉంది. అక్కడ పైకప్పు బీట వారి, ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఒక ముసలమ్మ కదలనంటే ఆమె మంచం నా బిడ్డే మోసిందట. తిరిగొచ్చేసరికి జైలు ఖాళీగా చూసి ఎంత సంతోషిస్తుందో!

నమోదు 7
వండినవి: రాయడానికి నాకు హక్కు లేదు. కింద చెబుతాను.

ఇది జైలు రెండో గదిలో కూర్చొని రాస్తున్నాను. పుస్తకం మొగిలి తెచ్చిచ్చాడు. అది సాక్ష్యం కదా అంటే, "సాక్ష్యం ఏం అక్కరలేదు కాకా, సీమంత తిన్నది" అన్నాడు.

మధ్యాహ్నం కుళాయి దగ్గర గరిటెతో పప్పు వేస్తున్నాను. వరస పెద్దది. ఇంతలో వరస చివర మాటలు ఆగిపోయాయి. తలెత్తితే నా బిడ్డ. మీద దుమ్ము, భుజాన బిళ్ళ. ఏడో గుమ్మటం నుంచి నేరుగా వచ్చినట్టుంది.

గంజు చూసింది. వరస చూసింది. నన్ను చూసింది.

"బాపూ, ఇది జైలు పొయ్యి మీద వండిందేనా?"

"అవును బిడ్డా. జైలు ఖాళీ అయింది చూసినవా?"

"చూసిన." కళ్లు కాసేపు మూసుకుంది. "గరిటె కింద పెట్టు."

పెట్టాను. పోచాలు ముందుకొచ్చాడు. "కొత్వాలమ్మా, ముసలాయన, ఏదో ప్రేమతోని పెట్టిండు. ఇడిసిపెట్టు."

"మీ నాయినే గదమ్మా" అని ఇంకొకామె.

"నీ మీద ప్రేమతోనే జేసిండు" అని మరొకరు.

భూలక్ష్మి వాళ్లందరి వైపూ తిరిగింది. గొంతు పెంచలేదు.

"పోచాలూ, పక్కింటోళ్ల గాలి ఆపినందుకు నిన్ను మూడుసార్లు లోపలేసిన. నువ్వు ఆపింది ఒక్క ఇంటి గాలి. ఈ గంజు కింద కాలింది ఏడు గుమ్మటాల గాలి. ఏడో గుమ్మటంల పసిపోరలు బీట పక్కన ఊపిరాడక దగ్గుతుంటే నేను ఎత్తుకొచ్చిన. మా బాపుకు ఒక చట్టం, నీకొక చట్టం అంటే, ఈ బిళ్ళ తీసి గీ బిందెల పడేస్త."

కొందరి నోట్లో సర్వపిండి అలాగే ఉండిపోయింది. నాకు ఆ పసిపిల్లల సంగతి తెలియదు. గంజు మీద మూత పెట్టేశాను.

నా ముందుకొచ్చి నిలబడింది.

"పేరు?"

"నీకెరుక లేదా?"

"చెప్పాలె."

"గుర్రాల ఓదెలు."

"గుర్రాల ఓదెలూ, అందరి గాలి వాడి, అనుమతి లేకుంట బయట అన్నం పెట్టినందుకు నిన్ను పట్టుకుంటున్న. చెప్పుకునేదుంటే న్యాయసభల చెప్పుకో. నువ్వు ఒక్కనివే ఉన్నవని అనుకోకు. నువ్వు తినేదే నేను తింట."

ఆ చివరి మాట ప్రతి బందీకీ చెప్పాల్సిన మాటే. ఎంతమందికో చెప్పగా విన్నాను. ఒక్క అక్షరం తప్పకుండా, తొందరపడకుండా, గొంతు వణకకుండా నాకూ చెప్పింది. చేతులు చాపాను. తాడు కడుతుంటే దాని వేళ్లు చల్లగా ఉన్నాయి. జైలు దాకా అందరి ముందు నడిపించుకుపోయింది. నేను తల దించుకొని నడిచాననుకుంటున్నారా? ఆ పిల్లల సంగతికి గుండె బరువుగానే ఉంది. అయినా తల ఎత్తుకునే నడిచాను! నాలుగో గుమ్మటం నుంచి మొదటి గుమ్మటం దాకా, నా బిడ్డ ఎట్లాంటి కొత్వాలో చూడండని నడిచాను. ప్రమాణం రోజున కూడా నాకు ఇంత సంతోషం రాలేదు.

రేపు నెల నిండుతుంది. వజ్రమ్మ వస్తుంది. మిగిలిన బందీలందరి శిక్షలూ అయిపోయాయి. జైల్లో నేనొక్కణ్ణే.

బందీకి కొత్వాల్ ఇంటివాళ్లు వండాలి. మా ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఒకణ్ణి లోపల ఉన్నాను.

నమోదు 8
వండినవి: రొట్టె అనుకుంటాను. పప్పు కావచ్చు. పొయ్యి ముట్టించింది కొత్వాల్ భూలక్ష్మి. ఆమె చేతులకు కాలిన బొబ్బలున్నాయి కాబట్టి ఆమె అనుమతితో రాసింది బందీ. తిన్నవాళ్లు: ముగ్గురు.

నా బిడ్డ పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ముద్ద గొట్టంతోనే పెరిగింది, పొయ్యి ముట్టించి ఎరగదు. పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుంది. నేను ఊచల సందులోంచి చెబుతున్నాను.

"మంట తగ్గించు బిడ్డా."

"ఎట్ల?"

"కట్టె ఎనక్కి గుంజు. అది కాదు, అటు పక్కది. చెయ్యి జాగ్రత్త... అయ్యో!"

"బాపూ, నువ్వు బందీవి. ఊకో."

ఊరుకున్నాను. పొగతో జైలంతా నిండింది. మొగిలి దగ్గుకుంటూ బయటికి పరిగెత్తాడు.

వజ్రమ్మ వచ్చింది. వెనక సగం సీమ వచ్చి గుమ్మం బయట నిలబడింది. నా బిడ్డ ముఖాన మసి ఉంది, తుడుచుకునే సమయం దొరకలేదు.

"లోపల ఎంతమంది?" అంది వజ్రమ్మ.

"ఒక్కరు."

"ఎవరు?"

"మా బాపు."

వజ్రమ్మ నా గది ముందుకొచ్చి నిలబడింది. ఆమె నోటి నుంచి ఏ మాట వస్తుందోనని ఊచలు పట్టుకొని నిలబడ్డాను. నన్ను ఏమన్నా సరే, ఆ బిళ్ళ ఒక్కటి దాని భుజానే ఉండాలి.

"నిజమేనా ఓదెలూ? నీ బిడ్డే నిన్ను పట్టుకున్నదా?"

"తాడు కూడా కట్టింది వజ్రమ్మా! చూడు, మణికట్టు కాడ గుర్తు ఇంకా పోలేదు!" అని చెయ్యి ఊచల బయటికి చాపి చూపించాను. సంబరం ఆపుకోలేకపోయాను.

వజ్రమ్మ మూతి ముడుచుకుంది. నవ్వు ఆపుకుంటోందని తర్వాత తెలిసింది. "బయటున్నోళ్లంత పొద్దున నా ఇంటి మీదికి వచ్చిండ్రు" అంది. "నెలకొక్క దినం అందరికీ పొయ్యి కావాలట. సభల అడుగుమన్న. గాలి లెక్క చూసి, అయితే అయితది, లేకుంటే లేదు. అడుగుడు అంటే అట్లుండాలె. గంజు నెత్తిన పెట్టుకొని ఉరుకుడు కాదు."

"తప్పే" అన్నాను. తప్పే మరి.

పరీక్షకు వచ్చినవాళ్లు బందీతో కలిసి తినాలి. భూలక్ష్మి మూడు పళ్లేలు తెచ్చింది. రొట్టె పైన బొగ్గు, లోపల పచ్చి పిండి. పప్పులో పప్పు అడుగున, నీళ్లు పైన. ఉప్పు మరిచింది.

వజ్రమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమిలింది. నీళ్ల చెంబు అందుకుంది. గుమ్మం బయట జనం మెడలు చాపి చూస్తున్నారు. పోచాలు వాసన పీల్చి రెండడుగులు వెనక్కి వేశాడు.

వజ్రమ్మ లేచి, నా బిడ్డ భుజాన వంకరగా ఉన్న బిళ్ళను నిటారుగా సర్దింది.

"బిళ్ళ నీదే. ఇగ వంట కూడా నువ్వే చెయ్యి. ఈ రొట్టె పెట్టినన్ని దినాలు ఈ సీమల నేరం పుట్టది."

బయట జనం గొల్లున నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఈసారి నేను మరిచిపోలేదు. ఊచల మధ్య నుంచి చేతులు బయటపెట్టి అందరికంటే గట్టిగా కొట్టాను.

అందరూ వెళ్లాక భూలక్ష్మి గది ముందు నేల మీద కూర్చుంది. తన పళ్లెంలోది మొత్తం తిన్నది, చట్టం కదా. తర్వాత బొబ్బలెక్కిన వేళ్లు ఊదుకుంటూ నన్ను చూడకుండా అడిగింది.

"నిజం చెప్పు బాపూ. ఎట్లున్నది?"

నా పళ్లెం చూపించాను. ఖాళీ.

"ఇంకొక రొట్టె వెయ్యి బిడ్డా."